ప్యాసేజ్ అర్థమైనా ఆన్సర్ ఎందుకు తప్పుతుంది? ఇంగ్లీషు రీడింగ్ కాంప్రహెన్షన్‌లో ఏ ప్రశ్నను ఎలా పట్టుకోవాలి

“అక్కా, చదివితే అంతా అర్థమవుతుంది. ఆప్షన్లు చూసేసరికి రెండు కరెక్టే అనిపిస్తాయి. నేను పెట్టిందే తప్పు పోతుంది.”

అనంతపురంలో సాయంత్రం పూట నా దగ్గర కూర్చుని చదువుకునే పిల్లల్లో ఈ మాట అనని వాళ్లు తక్కువ. బ్యాంకు పరీక్షలకు చదివేవాళ్లు, విదేశాలకు వెళ్లేందుకు రాసే ఇంగ్లీషు పరీక్ష ఐఈఎల్‌టీఎస్‌కు ఫీజు కట్టినవాళ్లు, నంద్యాలలో కోచింగ్ తీసుకుని ఇంటికొచ్చినవాళ్లు, అందరిదీ ఇదే బాధ. విడివిడిగా చెప్పి అలసిపోయి, అంతా ఒకచోట రాస్తున్నాను.

ముందే ఒక మాట. మార్కులు పోతున్నది ఇంగ్లీషు రాక అని చాలామంది అనుకుంటారు. చాలాసార్లు పోయేది మనకు తెలిసిన విషయం వల్ల. నేను కోచింగ్‌లో రాసిన ఒక మాక్ టెస్ట్‌లో భూగర్భజలాల మీద ప్యాసేజ్ వచ్చింది. నీటిమట్టం ఎందుకు పడిపోయిందన్నది ప్రశ్న. బోర్లు ఎక్కువ వేయడం వల్ల అన్న ఆప్షన్ కనిపించగానే టిక్కు పెట్టేశాను. మా నాన్న మూడు బోర్లు వేసి మూడూ ఎండిపోయిన ఇంట్లో పుట్టినదాన్ని, నాకు చెప్పాలా! ప్యాసేజ్‌లో మాత్రం రాసింది ఏటి ఇసుక తవ్వకం గురించి. బోరు అన్న మాటే అందులో లేదు.

అందుకే మనకు బాగా తెలిసిన చెనిక్కాయ (వేరుశనగ) మీదే ఒక చిన్న ప్యాసేజ్ రాశాను. పరీక్షలో ఇంగ్లీషులో వస్తుంది, ఇక్కడ కావాలనే తెలుగులో పెట్టాను. భాష అడ్డం లేకపోయినా తప్పులు ఎక్కడ దొర్లుతాయో మీకే తెలుస్తుంది.

1. ముందుగా ఈ మూడు పేరాలు చదవండి

(పేరా 1) వానాధార నేలలో వేరుశనగ వేసే రైతు మొదట ఆకాశం వైపు చూస్తాడు. జూన్, జూలై నెలల్లో నేల తడిసేంత వాన పడితే విత్తనం వేస్తాడు. మొలిచిన తొలి వారాల్లో కొన్నాళ్లు వాన లేకపోయినా మొక్క తట్టుకుంటుంది.

(పేరా 2) అసలు గండం పూత తర్వాత మొదలవుతుంది. పూత నుంచి ఊడలు దిగి నేలలోకి వెళ్తేనే కాయ పడుతుంది. ఆ రోజుల్లో నేల గట్టిపడితే ఊడ లోపలికి దిగలేదు. చేను పైకి పచ్చగానే ఉంటుంది, కింద కాయ ఉండదు.

(పేరా 3) అందుకే కొందరు రైతులు విత్తేటప్పుడే వేరుశనగ సాళ్ల మధ్య కంది కూడా వేస్తున్నారు. దీనివల్ల వేరుశనగ దిగుబడి పెరగదు. కానీ కంది వేర్లు లోతుకు పోతాయి, దాని పంటకాలం కూడా ఎక్కువ. ఆలస్యంగా పడిన వాన దానికి పనికొస్తుంది. అయితే వాన పూర్తిగా ముఖం చాటేసిన ఏడాది కంది కూడా రైతును ఆదుకోలేదు.

2. పరీక్షకు ముందు తెలుసుకోవాల్సిన లెక్కలు

ఒక పరీక్షకు పనికొచ్చిన పద్ధతి ఇంకోదానికి నష్టం చేస్తుంది. మీరు రాసేది ఏది?

ఐబీపీఎస్ పీఓ (బ్యాంకు ఆఫీసర్ ఉద్యోగాల పరీక్ష) ప్రిలిమ్స్‌లో ఇంగ్లీషుకు 30 ప్రశ్నలు, 20 నిమిషాలు. టైమ్ అయిపోగానే ఆ సెక్షన్ మూసుకుపోతుంది, వెనక్కి రాలేం. తప్పు జవాబుకు ఆ ప్రశ్న మార్కులో నాలుగో వంతు కోత.

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకు రాసే ఎస్‌ఎస్‌సీ సీజీఎల్ టైర్ 1లో ప్రశ్నకు 2 మార్కులు, తప్పుకు 0.50 పోతుంది.

ఐఈఎల్‌టీఎస్ రీడింగ్‌లో 40 ప్రశ్నలు, 60 నిమిషాలు. తప్పుకు కోత లేదు, కాబట్టి ఒక్క ఖాళీ కూడా వదలకూడదు. పేపర్ మీద రాసేవాళ్లు జవాబులను ఆన్సర్ షీట్‌లోకి ఎక్కించడం కూడా ఆ 60 నిమిషాల్లోనే.

గుడ్డిగా పెట్టాలా, వదిలేయాలా అని అడుగుతుంటారు. ఐదు ఆప్షన్లు, నాలుగో వంతు కోత ఉన్న పరీక్షలో ఐదు ప్రశ్నలకు గుడ్డిగా పెడితే సగటున ఒకటి తగులుతుంది, నాలుగు తప్పుతాయి. వచ్చిన మార్కు కోతకే పోతుంది. అదే ప్రతి ప్రశ్నలో రెండు ఆప్షన్లు కొట్టేసి మిగిలిన మూడింట్లో ఒకటి పెడితే, ఆరు ప్రశ్నలకు సగటున రెండు తగులుతాయి, నాలుగు తప్పుతాయి. రెండు మార్కుల్లో ఒకటి పోయి ఒకటి మిగులుతుంది. కాబట్టి రెండు కొట్టేయగలిగితే పెట్టండి, ఒక్కటీ కొట్టేయలేకపోతే వదిలేయండి.

3. ఏది ముందు, ఏది వెనక

“ప్యాసేజ్ చదవొద్దు, ప్రశ్నలోని మాటను ప్యాసేజ్‌లో వెతికి పక్క వాక్యం చూసి పెట్టేయండి” అని నాకు ఒక కోచింగ్‌లో నేర్పారు. ఆ పద్ధతితో నేరుగా అడిగే ప్రశ్నలు రెండు మూడు వస్తాయి, మిగిలినవన్నీ పోతాయి. పైగా ప్రశ్న తయారు చేసేవాళ్లకూ ఆ చిట్కా తెలుసు. తప్పు ఆప్షన్లోనే ప్యాసేజ్‌లోని మాటలను ఉన్నదున్నట్టు పెడతారు.

నేను చెప్పే వరస ఇది:

1) ప్రశ్నలు మాత్రమే చదవండి, ఆప్షన్లు వద్దు. అర నిమిషం చాలు. ఆప్షన్లలో ఎక్కువ శాతం అబద్ధాలే కదా, వాటిని ముందే బుర్రలోకి ఎక్కించుకుంటే చదివేటప్పుడు అవే కనిపిస్తాయి.

2) ప్యాసేజ్ ఒక్కసారి ఆగకుండా చదవండి. తెలియని పదం దగ్గర నిలబడొద్దు. ప్రతి పేరాకూ రఫ్ షీట్ మీద మూడు మాటలు రాసుకోండి. బ్యాంకు, ఎస్‌ఎస్‌సీ కంప్యూటర్ పరీక్షల్లో ప్యాసేజ్ మీద గీత గీయడానికి ఉండదు కాబట్టి ఆ మూడు మాటలే మీ దారి గుర్తులు. మన ప్యాసేజ్‌కు: “వాన పడితే విత్తనం” / “ఊడ దిగకపోతే గండం” / “కంది, కొంత ఊరట”.

3) జవాబులు ఈ క్రమంలో పెట్టండి: పదాల అర్థం, నేరుగా అడిగినవి, ట్రూ-ఫాల్స్, ఇన్ఫరెన్స్ (రాసినదాని నుంచి తేలేది), చివరగా మెయిన్ ఐడియా, టోన్ (రచయిత ధోరణి). చిన్న ప్రశ్నల కోసం ప్యాసేజ్ చుట్టూ తిరిగేసరికి పెద్ద ప్రశ్నకు జవాబు దానంతటదే తయారవుతుంది.

20 నిమిషాల పరీక్షలో ఎనిమిది ప్రశ్నల ప్యాసేజ్ వస్తే దానికి ఎనిమిది నిమిషాలు మించనివ్వకండి. మొదటి పేరా రెండుసార్లు చదివినా తల తిరుగుతుంటే పట్టుదలకు పోవద్దు. మిగతా ప్రశ్నలు ముగించుకుని రండి.

4. నేరుగా అడిగే ప్రశ్నలు

ఎవరు, ఎప్పుడు, ఎందుకు, ఎంత. ఇవి తేలికే, కాకపోతే తొందర ఎక్కువ.

“వేరుశనగకు వాన లేమి ఎప్పుడు ఎక్కువ దెబ్బ తీస్తుంది?” అని అడిగితే “విత్తే సమయంలో” అని పెట్టేవాళ్లు చాలామంది. మొదటి పేరాలో వాన గురించి అంత చెప్పారు కదా అని. జవాబు రెండో పేరాలో ఉంది: పూత తర్వాత, ఊడలు దిగే రోజుల్లో.

ప్రశ్నలో “నాట్”, “ఎక్సెప్ట్” ఉన్నాయేమో ముందే చూడండి. ఉంటే రఫ్ షీట్ మీద పెద్దగా “కానిది” అని తెలుగులో రాసుకుని అప్పుడు ఆప్షన్లలోకి వెళ్లండి. నవ్వుకోకండి, ఈ ఒక్క అలవాటుతో నా దగ్గర చదివే పిల్లలకు ప్రతి టెస్ట్‌లో కనీసం ఒక మార్కు మిగులుతోంది.

5. ట్రూ, ఫాల్స్, నాట్ గివెన్

ఐఈఎల్‌టీఎస్ వాళ్లను ఎక్కువ ఏడిపించేది ఇదే. బ్యాంకు పరీక్షల్లో “కింది వాటిలో ఏది నిజం” అన్న రూపంలో వస్తుంది. మూడింటికీ తేడా ఇలా పట్టుకోండి.

ప్యాసేజ్ ఆ మాటను ఒప్పుకుంటే ట్రూ. ప్యాసేజ్ దానికి అడ్డం తిరిగితే ఫాల్స్. ప్యాసేజ్ ఆ ఊసే ఎత్తకపోతే నాట్ గివెన్.

“తొలి వారాల్లో వాన లేకపోతే మొక్క చచ్చిపోతుంది.” తట్టుకుంటుందని ప్యాసేజ్ చెప్పింది. ఫాల్స్.

“సాళ్ల మధ్య కంది వేస్తే వేరుశనగ ఎక్కువ కాస్తుంది.” పెరగదని స్పష్టంగా ఉంది. ఫాల్స్.

“కంది వేసిన రైతుల అప్పులు తగ్గాయి.” ఇక్కడే దెబ్బతింటారు. మా ఊళ్లో తగ్గాయి కాబట్టి ట్రూ అంటాడు ఒకడు. ఎక్కడ తగ్గాయి, మా మామ ఇంకా కడుతున్నాడు కాబట్టి ఫాల్స్ అంటుంది ఇంకొకతి. అప్పుల మాట ప్యాసేజ్‌లో ఉందా? లేదు. నాట్ గివెన్.

ఫాల్స్‌కూ నాట్ గివెన్‌కూ మధ్య తేలకపోతే ఒక పని చేయండి. ఆ వాక్యాన్ని తిరగేసి, “అప్పులు తగ్గలేదు” అని అనుకోండి. ఆ మాట ప్యాసేజ్‌లో వేలు పెట్టి చూపించగలరా? చూపించగలిగితే ఫాల్స్. వేలు పెట్టడానికి చోటు దొరక్కపోతే నాట్ గివెన్.

ఐఈఎల్‌టీఎస్‌లో ఈ రకం ప్రశ్నలు ప్యాసేజ్ వరసలోనే వస్తాయి. మూడో ప్రశ్నకు, ఐదో ప్రశ్నకు చోటు దొరికిందంటే నాలుగోది ఆ రెంటి మధ్యే ఉండాలి. అక్కడ లేకపోతే ఎక్కువసేపు వెతకొద్దు.

6. తెలుగువాళ్లం ప్రత్యేకంగా జారిపడే చోట్లు

దీని గురించి మామూలు గైడ్లలో ఉండదు. మనం చదివేటప్పుడు లోపల తెలుగులోకి మార్చుకుంటాం, అది తప్పేం కాదు. కానీ కొన్ని మాటలు మార్చేటప్పుడు అర్థం జారిపోతుంది.

“ఫ్యూ ఫార్మర్స్” అంటే దాదాపు ఎవరూ లేరు. “ఎ ఫ్యూ ఫార్మర్స్” అంటే కొందరున్నారు. మనకు రెండూ “కొద్దిమంది”. ముందు “ఎ” ఉందా లేదా అన్నదాని మీదే జవాబు ఆధారపడే ప్రశ్నలుంటాయి.

“నాట్ ఆల్” మరీ ప్రమాదం. “రైతులందరూ కంది వేయలేదు” అని తెలుగులో అంటే ఒక్కరూ వేయలేదనీ అనుకోవచ్చు, కొందరు వేశారు కొందరు వేయలేదనీ అనుకోవచ్చు. ఇంగ్లీషులో “నాట్ ఆల్ ఫార్మర్స్” అంటే రెండో అర్థం ఒక్కటే. మార్చుకునేటప్పుడు “అందరూ కాదు, కొందరే” అని మార్చుకోండి.

“హార్డ్లీ” చూసి “కష్టపడి” అనుకుంటారు. దాని అర్థం “దాదాపు లేదు”. “హార్డ్లీ రెయిన్డ్” అంటే వాన పడిందీ లేదు.

“ఆల్ బట్ రూయిన్డ్” అంటే దాదాపు నాశనమైనట్టే. “ఎనీథింగ్ బట్ ఈజీ” అంటే ఏ మాత్రం తేలిక కాదు. “బట్” కనిపించగానే “కానీ” అనుకుంటే రెండూ తలకిందులవుతాయి.

“నాట్ అన్‌కామన్” అంటే మామూలుగా జరిగేదే. రెండు “కాదు”లు కలిసి “అవును” అయ్యాయి.

ఈ ఐదింటినీ ఒక కాగితం మీద రాసి మీరు చదువుకునే చోట అంటించుకోండి. మీరు తప్పు చేసినప్పుడల్లా కొత్తవి చేర్చండి.

7. ఇన్ఫరెన్స్: ఒక్క అడుగు మాత్రమే

“ఇన్ఫర్”, “ఇంప్లై”, “సజెస్ట్” అని ప్రశ్నలో ఉంటే జవాబు నేరుగా రాసి ఉండదు. రాసినదాని నుంచి తప్పనిసరిగా తేలేది అడుగుతున్నారు. తేలొచ్చు అనిపించేది కాదు, తేలి తీరాల్సింది.

“చేను పచ్చగా ఉందని చూసి దిగుబడిని అంచనా వేయలేం.” ఇది ప్యాసేజ్‌లో లేదు, కానీ పైకి పచ్చగా ఉన్నా కింద కాయ ఉండదంటే ఇది తేలి తీరుతుంది. సరైన జవాబు.

“రైతులు వేరుశనగ మానేసి కందికి మారడం మేలు.” వినడానికి బాగుంది. కానీ ప్యాసేజ్ మధ్యలో కంది వేయడం గురించి మాత్రమే చెప్పింది, మానేయమని ఎక్కడా అనలేదు. ఇది రెండో అడుగు.

“ప్రభుత్వం కంది విత్తనాలు సబ్సిడీ మీద ఇవ్వాలి.” ఇది ధర్నాలో అడగాల్సిన మాట, పరీక్షలో పెట్టాల్సిన జవాబు కాదు.

ఆప్షన్లో “ఆల్వేస్”, “నెవర్”, “ఓన్లీ”, “ఆల్” ఉంటే అనుమానించండి, అలాగని చూడగానే కొట్టేయకండి. ప్యాసేజ్ కూడా అంత గట్టిగా చెప్పిందేమో చూడాలి. మన ప్యాసేజ్‌లోనే “నేలలోకి వెళ్తేనే కాయ పడుతుంది” అని ఉంది. అక్కడ “ఓన్లీ” ఉన్న ఆప్షనే సరైనది.

8. పదాల అర్థం

తెలియని పదం కన్నా తెలిసిన పదమే ఎక్కువ మోసం చేస్తుంది. “డ్రై స్పెల్” అని వస్తే స్పెల్లింగ్ గుర్తొస్తుంది, అది వాన లేని రోజుల వరస. “ఈల్డ్” అంటే దిగుబడి, ఇంకోచోట లొంగిపోవడం. “ఇంటరెస్ట్” బ్యాంకు ప్యాసేజ్‌లో వడ్డీ, ఇంకోదాంట్లో ఆసక్తి.

అందుకే నిఘంటువు అర్థం గుర్తుకొచ్చినా సరే, ఆప్షన్లోని పదాన్ని ఆ వాక్యంలో పెట్టి చదవండి. వాక్యం నిలబడితేనే ఉంచండి. పదం అసలు తెలియకపోతే ముందు అది మంచిదా చెడ్డదా తేల్చండి. పక్కన “హౌఎవర్”, “డిస్పైట్”, “ఆల్దో” ఉంటే అటూ ఇటూ ఉన్నవి ఎదురెదురు అర్థాలు. ఈపాటికే రెండు ఆప్షన్లు పోతాయి.

అడిగింది సిననిమా (అదే అర్థం), ఆంటనిమా (వ్యతిరేకార్థం) అన్నది మళ్లీ ఒకసారి చూసుకోండి. ఆంటనిమ్ అడిగినప్పుడు ఆప్షన్లలో సిననిమ్‌ను కూడా పెట్టి కూర్చోబెట్టొచ్చు.

“ఇట్”, “దే”, “దిస్” దేన్ని సూచిస్తాయని అడిగితే ముందు వాక్యంలోకి వెళ్లి, ఆ మాటను సర్వనామం ఉన్నచోట పెట్టి చదవండి. మన మూడో పేరాలో “దానికి పనికొస్తుంది” అంటే ఏది? వేరుశనగ పెట్టి చదివితే పొసగదు, కంది పెడితే పొసగుతుంది.

9. మెయిన్ ఐడియా, టైటిల్, హెడింగ్‌లు

మన ప్యాసేజ్‌కు నాలుగు టైటిళ్లు ఇచ్చారనుకోండి:

అ) వేరుశనగ కాయ ఎలా పడుతుంది
ఆ) రాయలసీమ కరువు
ఇ) వానాధార వేరుశనగకున్న గండం, రైతులు వెతుకుతున్న ఊరట
ఈ) కంది వేస్తే నష్టమే ఉండదు

‘అ’ చిన్న బట్ట, ఒక్క పేరానే కప్పుతుంది. ‘ఈ’ తప్పు, ప్యాసేజ్ చివరి వాక్యమే దాన్ని కొట్టేసింది. నా దగ్గర ఎక్కువమంది పెట్టింది ‘ఆ’. మళ్లీ చూడండి, ప్యాసేజ్‌లో రాయలసీమ అన్న మాట ఎక్కడుంది? మనం అనంతపురంలో కూర్చుని చదివాం కాబట్టి కనిపించింది. జవాబు ‘ఇ’.

ఐఈఎల్‌టీఎస్‌లో పేరాలకు హెడింగ్‌లు జతపరిచేటప్పుడు, పేరా చదివి హెడింగ్‌ల జాబితా చూడకముందే మీరే ఒక హెడింగ్ అనుకోండి. తర్వాత దానికి దగ్గరిది వెతకండి. అవసరానికి మించి హెడింగ్‌లు ఇస్తారు, అన్నీ వాడాలని లేదు.

10. టోన్, ఖాళీలు పూరించడం

టోన్ ప్రశ్నకు పదాలే సమస్య. పదిహేను నేర్చుకుంటే సరిపోతుంది: క్రిటికల్, అప్రిషియేటివ్, న్యూట్రల్, స్కెప్టికల్, సర్కాస్టిక్, నాస్టాల్జిక్, ఆప్టిమిస్టిక్ వగైరా. రచయిత చివరి పేరాలో ఎటు మొగ్గాడో చూడండి. మన ప్యాసేజ్‌లో ఆశ ఉంది, చివర్లో జాగ్రత్తా ఉంది. “కాషస్” (ఆచితూచి మాట్లాడే ధోరణి) అన్నది దగ్గరి మాట.

ఐఈఎల్‌టీఎస్‌లో ఖాళీలు పూరించేటప్పుడు “రెండు పదాలకు మించొద్దు” అంటే మూడో పదం రాస్తే జవాబు సరైనదైనా తప్పే. స్పెల్లింగ్ తప్పినా తప్పే. ప్యాసేజ్‌లోని పదాన్ని చూసి దించుకోండి.

పదో తరగతి పిల్లలకు ఒక్క మాట: సొంత వాక్యంలో రాసేటప్పుడు ప్రశ్నలో “డిడ్” ఉంటే జవాబు భూతకాలంలో ఉండాలి. విషయం తెలిసీ ఇక్కడ మార్కు పోగొట్టుకోకండి.

11. తప్పుల పుస్తకం

రోజుకు పది ప్యాసేజ్‌లు చేసేవాళ్లకన్నా రెండు చేసి తప్పులను తిరగేసేవాళ్లు ముందుకు పోవడం చూశాను. ఒక నోట్‌బుక్ పెట్టి, తప్పిన ప్రతి ప్రశ్నకూ ఇవి రాయండి:

☐ ప్రశ్న ఏ రకం
☐ నేను పెట్టింది, సరైనది
☐ సరైన జవాబుకు ఆధారమైన వాక్యం
☐ నేనెందుకు మోసపోయాను: సొంత తెలివా, తొందరా, పదం తెలియకా, “నాట్” చూడకా

రెండు వారాల తర్వాత ఆఖరి గడి మాత్రమే చదవండి. ఏది ఎక్కువసార్లు వచ్చిందో దాని మీదే వచ్చే వారం పని చేయండి. రోజూ పేపర్ ఎడిటోరియల్ చదివేవాళ్లు కూడా పదాలు ఏరుకోవడంతో ఆపొద్దు. చదివాక పేరాకు మూడు మాటలు రాయండి, ఒక ఇన్ఫరెన్స్ ప్రశ్న మీరే తయారు చేయండి. ప్రశ్న తయారు చేసేటప్పుడు తప్పు ఆప్షన్లు ఎలా అల్లుతారో అర్థమవుతుంది.

12. ఇప్పుడు మీ వంతు

పై ప్యాసేజ్‌కే నాలుగు ప్రశ్నలు. కింద చూడకుండా పెట్టండి.

1) “జూన్‌లో విత్తిన చేను జూలైలో విత్తినదానికన్నా బాగా కాస్తుంది.” ట్రూ, ఫాల్స్, నాట్ గివెన్?
2) “వాన అసలే పడని ఏడాది కంది రైతును ఆదుకుంటుంది.” ట్రూ, ఫాల్స్, నాట్ గివెన్?
3) “వేరుశనగ పీకేసిన తర్వాత కూడా కంది చేలో ఉంటుంది.” ఇది ఇన్ఫరెన్స్‌గా నిలబడుతుందా?
4) మూడో పేరాకు హెడింగ్ ఏది: “కందితో కరువుకు చెక్” లేక “తోడు పంట, కొంత ధీమా”?

జవాబులు:

1) నాట్ గివెన్. రెండు నెలల పేర్లూ ఉన్నాయి, పోలిక లేదు.
2) ఫాల్స్. ఆఖరి వాక్యం చూడండి.
3) నిలబడుతుంది. విత్తడం ఒకేసారి, కంది పంటకాలం ఎక్కువ. ఈ రెండూ కలిస్తే తేలి తీరుతుంది.
4) “తోడు పంట, కొంత ధీమా”. “చెక్” అంటే పూర్తిగా ఆగిపోవాలి, ప్యాసేజ్ అంత మాట అనలేదు.

మొదటిదానికి ట్రూ పెట్టినవాళ్లు సేద్యం తెలిసినవాళ్లై ఉంటారు. తప్పుల పుస్తకంలో ఆఖరి గడిలో “సొంత తెలివి” అని రాసుకోండి.